బూట్ నిండితే ఫార్మాట్ చేయాలా?

సంపాదకులకు,

ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ మధ్యలో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' (డిస్క్‌లో జాగా లేదు) అని కనిపించగానే ఫార్మాట్ చేయించడమో, కొత్త ఎస్‌ఎస్‌డీ కొనిపించడమో కాలేజీ ల్యాబుల్లో, రిపేరు షాపుల్లో అలవాటైపోయింది. చాలాసార్లు రెండూ అక్కర్లేదు.

ముందు టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) 'డీఎఫ్ -హెచ్' కొట్టి ఏ పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) నిండిందో చూడాలి. 'లూప్' వరుసలు ఎప్పుడూ 100 శాతమే చూపిస్తాయి. అవి స్నాప్ పద్ధతిలో వచ్చే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల ఇమేజ్‌లు, కంగారు పడొద్దు. చూడాల్సినవి రూట్ (సిస్టమ్ అంతా ఉండే ప్రధాన భాగం, '/'), బూట్ (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే చోటు, '/boot').

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే బూట్ చిన్న విడి పార్టిషన్‌గా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అందులో కొత్త కెర్నెల్, బూట్ అయ్యేటప్పుడు దానికి తోడ్పడే ఇనిట్‌ఆర్‌డీ (initrd) ఫైలు చేరతాయి. ఈ రెండోదే పెద్దది, ఒక్కోటి 100 ఎంబీ దాటడం మామూలే. ఉబుంటులో ప్యాకేజీలను పెట్టి తీసే ఆప్ట్‌కు 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్' అని చెబితే పాతవాటిని తీసేస్తుంది. నడుస్తున్న కెర్నెల్‌నీ, అన్నిటికన్నా కొత్తదాన్నీ ముట్టుకోదు. బూట్‌లోని ఫైళ్లను 'ఆర్‌ఎమ్'తో చెరిపేయడం మాత్రం ప్రమాదం. ప్యాకేజీ ఇంకా ఉందనే ఆప్ట్ అనుకుంటుంది, నడుస్తున్న కెర్నెల్ ఫైలే పోతే మళ్లీ బూట్ కాకపోవచ్చు.

ఆప్ట్ కూడా కదలనంతగా నిండిందా? 'యూనేమ్ -ఆర్' చూపించే వెర్షన్ కాకుండా, అన్నిటికన్నా పాత ఇనిట్‌ఆర్‌డీ ఫైలు ఒక్కదాన్ని హోమ్ ఫోల్డర్‌లోకి జరపండి. 'సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్'తో ఆగిన పని పూర్తిచేసి, ఆపైన ఆటోరిమూవ్ నడపండి.

నిండింది రూట్ అయితే 'సుడో ఆప్ట్ క్లీన్' దించిపెట్టిన ప్యాకేజీ ఫైళ్లను ఖాళీ చేస్తుంది. సిస్టమ్‌లో జరిగేవన్నీ నమోదయ్యే సిస్టమ్‌డీ జర్నల్ లాగులు 4 జీబీ దాకా పెరగొచ్చు; వాటిని తగ్గించడానికి 'సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్' సరిపోతుంది. స్నాప్ ప్రతి ప్యాకేజీ పాత రివిజన్‌ను (వెర్షన్‌ను) కూడా దాచుకుంటుంది. 'స్నాప్ లిస్ట్ --ఆల్'లో 'డిజేబుల్డ్' అని ఉన్నవాటిని రివిజన్ సంఖ్య ఇచ్చి తీసేయొచ్చు. పెద్ద ఫైలు చెరిపినా జాగా రాలేదంటే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచే ఉంచిందన్నమాట. 'సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1' (ఇక్కడ ప్లస్ తర్వాతి ఎల్ పెద్దక్షరం) అదేమిటో చెబుతుంది, ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చాలు.

ల్యాబ్ బాధ్యులకు ఒక మనవి. అప్‌గ్రేడ్ కాగానే ఆటోరిమూవ్ కొట్టకండి. రీస్టార్ట్ చేసి, కొత్త కెర్నెల్‌తో వైఫై, డిస్‌ప్లే సరిగా పనిచేస్తున్నాయని చూసుకున్నాకే కొట్టండి. తేడా వస్తే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని పని నడిపించుకోవచ్చు.

– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హనుమకొండ