గత నాలుగు నెలల్లో ఆర్థోటిక్స్ తీసుకున్న రన్నర్లు ఒకసారి రావాలి

మా దగ్గర పాదానికి అచ్చు ఇచ్చి ఆర్థోటిక్స్ (షూలో పాదం కింద పెట్టుకునే ఆధారాలు) చేయించుకున్న వాళ్లందరికీ.

గత నాలుగు నెలల్లో మేమిచ్చిన జతల్లో చాలావాటికి వంపు కింద ఉండాల్సినంత ఎత్తు లేదు. షెల్ (ఆర్థోటిక్‌లోని గట్టి ప్లాస్టిక్ భాగం) కూడా మేం రాసిన మందంలో లేదు. వాటిని తయారుచేసే బయటి ల్యాబ్ మాకు ఒక్క మాటైనా చెప్పకుండా రెండూ మార్చేసింది. మార్చింది వాళ్లే అయినా, కొలవకుండా మీ చేతిలో పెట్టింది మేమే. అందుకని ఆ జతలన్నీ కొలుస్తాం. తేడా ఉండి మీకు ఇబ్బంది పెడుతుంటే కొత్తవి చేసిస్తాం, డబ్బు తీసుకోం. ఆ ల్యాబ్‌తో పని మానేశాం. ఇకమీదట షెల్స్ మా దగ్గరే తయారవుతాయి. ఫిజియో సెషన్లలో ఏ మార్పూ లేదు, మీ టైములు మీవే.

ప్రతి అచ్చుతో పాటు ల్యాబ్‌కి మా చీటీ ఒకటి వెళ్లేది. అందులో ఉండేవి నాలుగే లైన్లు: షెల్ మందం ఎంత, వంపు దగ్గర ప్లాస్టర్ ఫిల్ (అచ్చు మీద అదనంగా మెత్తే ప్లాస్టర్) ఎంత, మడమ గిన్నె లోతు ఎంత, మడమ లోపలివైపు స్కైవ్ (అచ్చుని ఏటవాలుగా చెక్కడం) ఎంత. బరువు 70 కిలోలు దాటి, పాదం బాగా లోపలికి ఒరిగే రన్నర్‌కి మామూలుగా రాసేది 4 మి.మీ. పాలీప్రొపిలీన్, ఫిల్ అతి తక్కువ, గిన్నె 16 మి.మీ., స్కైవ్ 4 మి.మీ. గిన్నె, స్కైవ్ రాసినట్టే వచ్చాయి. చూడగానే కంటికి ఆనేవి అవే. కంటికి ఆనని రెండూ మారిపోయాయి.

ముగ్గురు రన్నర్లకి కొత్త జత వేసుకున్న మూడో వారంలో ఒకేచోట నొప్పి మొదలైంది. చీలమండ లోపలి గుబ్బ వెనక నుంచి పాదంలోకి దిగే దారిలో. పోస్టీరియర్ టిబియల్ టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు) వెళ్లే దారి అది. వంపు కుంగిపోకుండా పట్టుకునే పని ముఖ్యంగా దానిదే. దాని మీద భారం తగ్గించడానికే ఈ ముగ్గురికీ ఆర్థోటిక్ ఇచ్చాం. వారం మైలేజీ పెరగలేదు, షూ మారలేదు, మడమలెత్తే వ్యాయామం ఎవరూ ఎగ్గొట్టలేదు. ఇక మిగిలింది షెల్ ఒక్కటే.

ల్యాబ్ తిప్పి పంపిన ప్లాస్టర్ పాదం మీద షెల్ పెట్టి చూస్తే వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కుంది. షెల్ ఆ అచ్చుకి సరిగ్గా సరిపోయింది. ఆ అచ్చే పాదానికి సరిపోలేదు. అదే పాదానికి కొత్తగా అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాకే సంగతి బయటపడింది. మా దాంట్లో వంపు ఎత్తు 24 మి.మీ., వాళ్ల దాంట్లో 17. ఏడు మిల్లీమీటర్ల వంపుని ప్లాస్టర్ మెత్తి పూడ్చేశారు. ఆ పొర అంచున చాకు మొన పెట్టి లేపితే పెంకులా ఊడొచ్చింది. దాని కింద అసలు పాదం చర్మపు గీతలతో సహా అలాగే ఉంది.

ఫిల్ వేయడమే తప్పని కాదు. నిలబడితే పాదం కాస్త పరుచుకుంటుంది, దానికి చోటివ్వడానికి కొంత ప్లాస్టర్ కలపాలి. ఎంత కలపాలన్నది ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని చూసినవాళ్లే చెప్పగలరు. బిగువుగా ఉండే పాదానికి ఎక్కువ, వదులుగా ఒరిగే పాదానికి తక్కువ. ఎక్కువ ఫిల్ వేస్తే షెల్ చదునుగా వస్తుంది. అలాంటి షెల్ ఎక్కడా గుచ్చుకోదు, వేసుకున్న రోజే హాయిగా ఉంటుంది, ఎవరూ వెనక్కి పంపరు. పరుగులో మాత్రం పాదం ఆ ఏడు మిల్లీమీటర్లూ కుంగాకే షెల్‌ని తాకుతుంది. అప్పటికి టెండన్ పడాల్సిన శ్రమంతా పడిపోయి ఉంటుంది. ల్యాబ్‌ని అడిగితే చెప్పింది కూడా అదే: అందరికీ ఒకే ఫిల్ పెట్టుకున్నాం, కంప్లయింట్లు తగ్గాయి అని. ఒక్కొక్క పాదాన్నీ పట్టుకుని చూసి రాసిన చీటీల్ని చదవకుండానే పక్కన పడేశారు. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

ఇక మందం. 4 మి.మీ. షీటుని వేడిచేసి అచ్చు మీదకి లాగినప్పుడు వంపు దగ్గర కొంచెం పలచబడుతుంది, 3.5కి అటూ ఇటూగా నిలవాలి. వచ్చినవాటికి కాలిపర్ (మందం కొలిచే పరికరం) పెడితే 2.6 చూపించింది. అంటే మొదలుపెట్టిందే 3 మి.మీ. షీటుతో. ఒక మిల్లీమీటరుకే ఇంత గొడవా అనిపించొచ్చు. వంగకుండా నిలిచే బలం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 4 ఘనం 64, 3 ఘనం 27. పాతిక శాతం మందం తగ్గితే బలం సగానికన్నా కిందికి పడిపోతుంది. మెల్లగా నడిచేటప్పుడు ఇది తెలియదు. పరుగులో ప్రతి అడుగుకీ శరీర బరువుకి రెండు, మూడు రెట్లు నేల మీద పడుతుంది. అప్పుడు వంపు పూర్తిగా పరుచుకుపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తర్జనభర్జన పడింది మాత్రం ఒక్క విషయం మీద: ఆ జతలన్నీ వెనక్కి తీసేసుకోవాలా, నొప్పి వచ్చినవాళ్లవి మాత్రమేనా? వాటి అడుగున ఉన్నది మా పేరు. తప్పు కొలతతో ఒక్క జత కూడా బయట ఉండకూడదన్నదే మొదటి మాట, దాని మీద వారం పాటు మంకుపట్టు పట్టాం. కానీ శరీరం లెక్క వేరు. నాలుగు నెలలుగా ఆ చదును షెల్ మీద నొప్పి లేకుండా పరిగెడుతున్న పాదం దానికి అలవాటుపడిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఏడు మిల్లీమీటర్లు ఎత్తు పెంచితే అరికాలి మధ్యలో ఒరుపు వస్తుంది, భారం పాదం బయటి అంచుకి మళ్లుతుంది, ఐదో మెటాటార్సల్ (చిటికెనవేలి వెనక ఉండే పాదం ఎముక) దగ్గరో పిక్క బయటివైపో కొత్త నొప్పి మొదలవుతుంది. మా పంతం నెగ్గించుకోవడానికి బాగున్న కాలిని కదపలేం. అందుకే నొప్పి లేనివాళ్ల జత కొలిచి, అంకెలు ఫైల్లో రాసి, అలాగే తిరిగి ఇచ్చేస్తాం. ముందుముందు ఎప్పుడు ఇబ్బంది వచ్చినా ఈ మాట వర్తిస్తుంది, గడువు లేదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. షెల్‌ని గట్టి బల్ల మీద పెట్టి, వంపు ఎత్తుగా ఉన్నచోట రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. కొంచెం కుంగి ఆగిపోతే మంచిదే. బల్లని తాకితే తీసుకురండి. 60 కిలోల లోపు ఉన్న కొందరికి కావాలనే 3 మి.మీ. రాశాం, వాళ్లది కొంత ఎక్కువ కుంగుతుంది, కంగారు పడొద్దు.

ఇకమీదట మా దగ్గర జరిగే పని ఇది. బోర్లా పడుకోబెట్టి, చీలమండ కింది కీలుని తటస్థంగా పెట్టి, నాలుగు, ఐదు వేళ్ల మూలం కింద బొటనవేలితో నొక్కిపట్టి ప్లాస్టర్ బ్యాండేజీతో అచ్చు తీస్తాం. గట్టిపడేవరకు కదలకూడదు. వేలు జారిందంటే పాదం ముందుభాగం మెలితిరిగిన అచ్చు వస్తుంది, దాన్ని పారేసి మళ్లీ తీయాల్సిందే. పోసిన ప్లాస్టర్‌ని పూర్తిగా ఆరనిస్తాం, తడి మీద వేడి షీటు పడితే ఆవిరి పుట్టి షెల్‌లో బుడగలొస్తాయి. పాలీప్రొపిలీన్ షీటు మామూలుగా పాలరంగులో ఉంటుంది. ఓవెన్‌లో సమానంగా వేడెక్కాక గాజులా మారి అవతలివైపు కనిపిస్తుంది. మధ్యలో తెల్లటి మచ్చ మిగిలితే ఇంకా కాలేదని గుర్తు. వ్యాక్యూమ్ పెట్టాక అంచుల నుంచి మళ్లీ పాలరంగు తిరుగుతుంది. ఆ దశలోనే తొందరపడి తీస్తే ప్లాస్టిక్ ముడుచుకుని, మడమ గిన్నె బిగుసుకుపోయి, వంపు ఆకారం తప్పుతుంది. చేతికి చల్లగా తగిలేదాకా అచ్చు మీదే ఉంచాలి. తర్వాత ముందు అంచుని వేళ్ల మూలపు ఎముకలకి కాస్త వెనకే ఆగేలా కోసి అరగదీయడం, మడమ కింద గట్టి ఈవీఏ ఫోమ్ పోస్టు (షెల్ ఒరగకుండా ఆపే దిమ్మ) అతికించడం, పైన 3 మి.మీ. ఈవీఏ కవరు. ప్రతి జత అడుగునా నాలుగు అంకెలూ మార్కర్‌తో రాసి ఉంటాయి, కాలిపర్ మీ ముందే పెడతాం.

ఇంత చేస్తే వారానికి ఆరు జతలకి మించి రావు. మెషిన్‌తో ప్రింట్ చేయించే దారి ఉంది, అది త్వరగా అవుతుంది కూడా. కానీ మళ్లీ ఫైలు బయటికి పంపాలి, వంపు ఎంత పూడ్చాలో స్క్రీన్ ముందు ఇంకెవరో తేల్చాలి. దానికి ఇప్పుడు మనసొప్పడం లేదు. ఈ బ్యాక్‌లాగ్ తీరేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోం.

కొత్తగా వచ్చేవాళ్లలో మామూలు మడమ నొప్పి ఉన్నవాళ్లకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. 2006లో వెలువడిన లాండార్ఫ్ బృందం పరీక్షలో 135 మందిని మూడు గుంపులు చేసి చూశారు. మూడు నెలలకి రెడీమేడ్, అచ్చు తీసి చేసినవి రెండూ కొద్దిగా మేలు చేశాయి, ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. కాబట్టి ముందు రెడీమేడ్‌కే మడమ లోపలివైపు వెడ్జ్ (ఏటవాలు ముక్క) పెట్టి ఇస్తాం. దాంతోపాటు 2014 నాటి రాథ్లెఫ్ బృందం పద్ధతిలో వ్యాయామం: వేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టి ఒంటికాలి మీద మడమ లేపాలి, 3 సెకన్లు పైకి, 2 సెకన్లు ఆపి, 3 సెకన్లు కిందికి, రోజు విడిచి రోజు. మొదట 12 సార్లు మాత్రమే చేయగలిగే భారంతో 3 సెట్లు, రెండు వారాలకి వీపున బ్యాగులో బరువు పెంచి 10 సార్లు 4 సెట్లు, నాలుగు వారాలకి 8 సార్లు 5 సెట్లు.

కొత్త జత కోసం ఎదురుచూసేవాళ్లు లోపలి చీలమండ నొప్పిగా ఉంటే చదును షెల్ తీసేసి, పరుగు రోజుల్లో టేప్ వేసుకోండి. 38 మి.మీ. వెడల్పున్న, సాగని టేపు. ఒక పట్టీ చిటికెనవేలి మూలం నుంచి మడమ వెనకగా తిప్పి బొటనవేలి మూలం దాకా. తర్వాత అరికాలి అడుగున బయటి నుంచి లోపలికి లాగుతూ మూడు, నాలుగు పట్టీలు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. పాదం మీద భారం వేయకుండా అంటించాలి, లేకపోతే పట్టు ఉండదు. పరుగు అయ్యాక తీసేయండి, దురద పెడితే వెంటనే తీసేయండి. ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి, ఒంటికాలి మీద గెంతలేకపోవడం, వీటిలో ఏదున్నా టేపు, ఆర్థోటిక్ అన్నీ పక్కన పెట్టి పరుగు ఆపేయండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) మొదటి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు, ఎమ్మారై తీయించాల్సి వస్తుంది.

మొదట పిలిచేది టిబియల్ టెండన్ నొప్పి ఉన్నవాళ్లని, ఆ తర్వాత ఇదివరకు కాలి ఎముకకి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయినవాళ్లని. మిగతావాళ్లకి అచ్చు ఇచ్చిన తేదీ వరస. కొత్త జత వచ్చాక మొదటిరోజు గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ నడకలో అలవాటు చేసుకోండి. రోజంతా ఇబ్బంది లేకుండా ఉన్నాకే పది నిమిషాల పరుగుతో మొదలుపెట్టండి. షూతో వచ్చిన ఇన్‌సోల్ తీసేశాకే ఇది పెట్టాలి.

వచ్చేటప్పుడు ఆర్థోటిక్స్ రెండూ, ప్రస్తుతం పరిగెడుతున్న షూ, గత నెల పరుగుల లెక్క తీసుకురండి. షూ కడగొద్దు, అడుగు ఎటువైపు అరిగిందో చూడాలి.