ఈశ్వరి వేరు మీద హెచ్చరిక తెలుగులో ఉండాలి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో చైనా మూలికా వైద్యం మీద వచ్చిన వ్యాసం చదివాను. మలేరియాకు ఆర్టిమిసినిన్ కనిపెట్టిన తూ యూయూ గురించి, ఆమెకు 2015లో వచ్చిన నోబెల్ గురించి బాగా రాశారు. అదే వైద్యంలోని ఇంకో మూలిక కథ మాత్రం వదిలేశారు. దాని చుట్టమైన ఈశ్వరి వేరు మన సంతల్లోనే అమ్ముడవుతోంది కాబట్టి, అది మన ఊళ్లకు ఇంకా దగ్గరి కథ.

ఆ మూలిక పేరు ఫాంగ్‌జీ. ఒంట్లో చేరిన నీరు దిగడానికీ, కీళ్ల నొప్పులకూ వాడతారు. చిక్కల్లా ఆ పేరుతోనే. హాన్ ఫాంగ్‌జీ అనేది మన తిప్పతీగ కుటుంబపు మొక్క. గ్వాంగ్ ఫాంగ్‌జీ అనేది అరిస్టలోకియా జాతి మొక్క. వేళ్లు ఎండబెట్టి బిళ్లలుగా కోశాక మామూలు కంటికి తేడా దొరకదు. 1990లలో బెల్జియంలోని బ్రసెల్స్‌లో, ఒళ్లు తగ్గించే ఒక క్లినిక్ మందులో మొదటిది పడాల్సిన చోట రెండోది పడింది. సన్నబడదామని వెళ్లిన ఆడవాళ్లు కిడ్నీలు పాడై ఆసుపత్రుల్లో చేరారు. 1993లో డాక్టర్లు సంగతి బయటపెట్టారు. బాధితుల లెక్క చివరికి వంద దాటింది. ఎందరికో డయాలసిస్సో, కిడ్నీ మార్పిడో తప్పలేదు. పనికిరాకుండా పోయిన కిడ్నీలనూ మూత్రనాళాలనూ ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే, 18 మందిలో క్యాన్సర్ కనబడింది.

ఇందుకు కారణం అరిస్టలోకియా మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం అనే విషం. అది కిడ్నీ కణాల్లోని డిఎన్ఏకు అతుక్కుపోతుంది. మందు మానేసిన ఏళ్ల తరవాత కూడా ఆ గుర్తు దొరుకుతుంది. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున పల్లెవాళ్లకు తరతరాలుగా వస్తున్న కిడ్నీ జబ్బుకూ, గోధుమచేలో కలుపుగా పెరిగి గింజలతోపాటు పిండిలో కలిసిన ఈ జాతి మొక్కే కారణమని తేలింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ జాతి మొక్కలు కలిసిన మందుల్ని, పొగాకును పెట్టిన వర్గంలోనే పెట్టింది. చైనా కూడా తన వైద్యం తనకు గొప్పని ఊరుకోలేదు. 2003లో ఇదే జాతికి చెందిన గ్వాన్ ముతోంగ్‌ను నిషేధించింది.

ఇక మన సంగతి. అరిస్టలోకియా మనకు కొత్తది కాదు. ఈశ్వరి అదే. గజ్జికీ నులిపురుగులకూ వాడే గాడిదగడపాకూ అదే జాతి. నేను వృక్షశాస్త్రం పాఠం చెప్పిన రోజుల్లో ఈశ్వరి పువ్వును పిల్లలకు ఇష్టంగా చూపించేవాణ్ణి. చిన్న కూజాలాంటి బుడ్డ, దాని మీద ముదురు గోధుమరంగు నాలుక. లోపలికి దూరిన ఈగను వెంట్రుకలు బయటికి పోనివ్వవు. పుప్పొడి ఒంటికి అంటాకే విడుదల. ఎర్రటి ఒళ్లుండే గులాబీ సీతాకోకచిలుకల గొంగళ్లు ఈ ఆకే తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. అందుకే పిట్టలు వాటి జోలికి పోవు. పిట్టకున్న జ్ఞానం మనకు లేకపోయింది.

గత నెల మా వైపు వారపు సంతలో, పట్టా మీద పోసి అమ్ముతున్న వేళ్లలో ఈశ్వరి కనిపించింది. గోటితో గీరి వాసన చూశాను, కర్పూరం కలిపినట్టు ఘాటుగా ఉంది. ‘దేనికమ్మా ఇది?’ అంటే, ‘పాముకాటుకి, తేలుకాటుకి, కడుపునొప్పికి బాబూ, అరగదీసి తాగించడమే’ అంది ఆ పెద్దావిడ. పాముకాటుకు ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఉండగా ఈ వేరు అరగదీస్తూ కూర్చోవడం ఒక ప్రమాదం. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో బయటపడేది మరొకటి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని నేననడం లేదు. కారణం తేలనిచోట అలాంటి మాట అనడం తప్పు. కానీ కిడ్నీ రోగి రాగానే నొప్పి మాత్రల గురించి అడిగే డాక్టర్లు, ఏ వేరు తాగావు, ఏ పసరు మింగావు అని కూడా అడిగి కేస్ షీట్‌లో రాయాలి.

చట్టం లేక కాదు. 1940 నాటి ఔషధ చట్టం కింద ఆయుర్వేద విషద్రవ్యాల జాబితా ఒకటుంది. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, నేపాళం, ముష్టి, వసనాభి అందులో ఉన్నాయి. అవి కలిసిన మందు సీసా మీద ‘వైద్యుల పర్యవేక్షణలో వాడాలి’ అని ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాయాలి. మూలికల లాటిన్ పేర్లూ ఉండాలి. ఆ జాబితాలో ఈశ్వరికీ గాడిదగడపాకుకూ చోటివ్వాలి. హెచ్చరిక తెలుగులో కూడా ఉండాలి. ఇంగ్లీషూ హిందీ మాత్రమే ఉన్న హెచ్చరిక శ్రీకాకుళం పల్లెలో ఎవరి కోసం? ఇంతా చేసి అది సీసాలకే. పట్టా మీద పోసిన వేరుకు లేబుల్ ఎక్కడిది? అందుకే రెండు రాష్ట్రాల ఆయుష్, ఆరోగ్య శాఖలు బొమ్మతో సహా ఒక పేజీ కరపత్రం వేయించి సంతల్లో, ఆరోగ్య ఉపకేంద్రాల్లో, ఆశా కార్యకర్తల చేతుల్లో పెట్టాలి.

ఆ సంతలో నాకు తోచినట్టు ఆవిడకు చెప్పి చూశాను. ‘మా తాతల కాడ్నుంచి ఇదే అమ్ముతన్నాం, ఎవులూ సచ్చిపోనేదు’ అంది. కాసేపాగి మళ్లీ ఆవిడే, ‘కాయితం ఏదైనా ఉంటే ఇవ్వు బాబూ, మా మనవరాలు సదువుతాది’ అంది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
పార్వతీపురం