గెడ్డ పక్కనే ఉండగా సోలార్ ఒక్కటేనా?

సంపాదకుడికి,

ఏజెన్సీ గూడేలకు కరెంటు ఇద్దామని ముందుకొచ్చే హైదరాబాద్ కంపెనీలు, కాలేజీ సంఘాలు నేరుగా సోలార్ ప్యానెళ్లకే కొటేషన్ అడుగుతున్నాయి. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఊరి పక్క గెడ్డలో, అంటే కొండవాగులో, ఏప్రిల్ నెలలో నీళ్లెంత?

తూర్పు కనుమల్లో ఎండా నీరూ వంతులేసుకున్నట్టు వస్తాయి. వానాకాలంలో రోజుల తరబడి ముసురు, ఆ తర్వాత లంబసింగి, అరకు వైపు పొద్దెక్కేదాకా పొగమంచు. ఎండ రోజున నాలుగు యూనిట్లిచ్చే కిలోవాట్ ప్యానెల్ ముసురులో ఒక యూనిట్ ఇస్తే గొప్ప. సరిగ్గా ఆ నెలల్లోనే గెడ్డ నిండుగా పారుతుంది. గెడ్డ సన్నబడే ఫిబ్రవరి-మే మధ్య ఎండ దంచుతుంది. రెండూ కలిపితే చిన్న బ్యాటరీతో ఏడాదంతా గడుస్తుంది. ఈ కొండల నీటితోనే మాచ్‌ఖండ్ 1955 నుంచి కరెంటు తీస్తోంది, ఎగువ సీలేరు 240 మెగావాట్ల కేంద్రం. పక్క గూడేనికి ఒకటిన్నర కిలోవాట్ తీయలేమా?

సెకనుకు 10 లీటర్ల నీరు 30 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 2,900 వాట్ల పైచిలుకు శక్తి ఉంటుంది. పైపులో, టర్బైన్‌లో (నీటి తాకిడికి తిరిగే చక్రంలో), జనరేటర్‌లో సగం పోయినా 1,400 వాట్లు దక్కుతాయి. అదీ రాత్రింబవళ్లు, అంటే రోజుకు 33 యూనిట్లు. సోలార్‌తో అంత రావాలంటే మంచి ఎండలోనే 8 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి.

నీటిని కొలవడానికి గెడ్డకు మట్టికట్ట వేసి, నీరంతా ఒక పైపులోంచి 200 లీటర్ల డ్రమ్ములోకి వదలండి. 20 సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు. ఎత్తుకు మేస్త్రీలు వాడే నీటి ట్యూబు చాలు. ఫోన్ చూపించే ఎత్తును నమ్మొద్దు, పది మీటర్ల తేడా మామూలే.

ఎక్కువగా డబ్బు మిగుల్చుకోబోయి చెడగొట్టేది పైపు దగ్గర. ఇదే నీటిని 75 ఎంఎం పైపులో పంపితే ప్రతి 100 మీటర్ల పొడవుకు దాదాపు 11 మీటర్ల ఎత్తు ఇచ్చే శక్తి రాపిడికే పోతుంది. 110 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులో పోయేది 2 మీటర్ల లోపే. పైపు మొదట్లో ఏటవాలు జాలీ, ఇసుక దిగడానికి తొట్టి, దానికి అడుగున డ్రెయిన్ వాల్వు తప్పనిసరి. జాలీ లేకుంటే ఒక్క రాత్రి వానకే ఆకులు పైపును మూసేస్తాయి. ఇసుక టర్బైన్ రెక్కల్ని అరగదీస్తుంది. వాడుకున్న నీరు మళ్లీ గెడ్డలోకే వెళ్తుంది కానీ, మధ్యలో ఉన్న మడులకు తగ్గుతుంది. ఆ రైతులతో ముందే మాట్లాడుకోవాలి.

ఖరీదైన టర్బైన్ అక్కర్లేదు. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులోకి నీటిని ఎదురు దిశలో వదిలి తిప్పి, దాని త్రీ ఫేజ్ మోటారుకు కెపాసిటర్లు కట్టి జనరేటర్‌గా వాడొచ్చు. అసలు చిక్కు లోడ్ (ఊళ్లో కరెంటు వాడకం) దగ్గర వస్తుంది. ఊరంతా లైట్లార్పి పడుకుంటే మోటారు వేగం, దాంతో వోల్టేజీ పెరిగిపోయి, వెలుగుతున్న ఆ రెండు బల్బులూ మాడిపోతాయి. అందుకే ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలర్ పెట్టి, మిగులు కరెంటును నీళ్ల ట్యాంకులోని హీటర్‌కు మళ్లిస్తారు. కిలోవాట్ చొప్పున ఐదు గంటలు మళ్లితే 100 లీటర్ల నీటి వేడి ఉన్నదాని మీద మరో 40 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. చలికాలంలో ఊరికి అంత కట్టె మిగిలినట్టే. అయితే ట్యాంకు ఖాళీ అయితే హీటర్ కాలిపోతుంది, దాని వెనకే బల్బులూ పోతాయి. కుళాయిని హీటర్ కన్నా పై ఎత్తులో బిగించి, ఫ్లోట్ వాల్వు పెడితే ఎవరెన్ని నీళ్లు పట్టుకున్నా హీటర్ మునిగే ఉంటుంది.

ఇక పొదుపు. ఇంటికి రెండు 9 వాట్ల ఎల్‌ఈడీలు, 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాను అనుకుంటే 20 ఇళ్లకు 960 వాట్లు సరిపోతాయి. అవే ఇళ్లలో 60 వాట్ల పాత బల్బులు, 75 వాట్ల ఫ్యాన్లు ఉంటే 3,900 వాట్లు కావాలి. కాబట్టి బల్బులూ ఫ్యాన్లూ కూడా ప్రాజెక్టు ఖర్చులోనే కలపాలి.

వేసవికి పెట్టే ప్యానెళ్లు దక్షిణానికి 18 డిగ్రీల వాలుతో, తూర్పు కొండ నీడ త్వరగా తొలగే చోట ఉండాలి. బ్యాటరీ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా చూసే చార్జ్ కంట్రోలర్‌ను దాటేసి బ్యాటరీ నుంచి నేరుగా టీవీకి వైరు లాగనివ్వకూడదు. అలా పూర్తిగా ఖాళీ చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు.

నిధులిచ్చే సంస్థలు వచ్చే ఏప్రిల్‌లో గెడ్డ కొలతలు తీయించాకే ఆర్డరు ఇవ్వాలి. ఊరివాళ్లిద్దరికి జాలీ శుభ్రం చేయడం, బేరింగు మార్చడం చేతులతో చేయించి నేర్పాలి. కెపాసిటర్లు, బేరింగులు, పంపు సీలు, హీటర్ ఎలిమెంట్లు, ఫ్యూజులు ఒక పెట్టెలో పెట్టి ఊళ్లోనే ఉంచాలి. ఈ మూడింటికీ మొదటి అంచనాలోనే డబ్బు కేటాయించాలని మా విన్నపం.

— చిన్నతరహా జలవిద్యుత్, సోలార్ పనుల ఇంజినీర్లు, టెక్నీషియన్లు, హైదరాబాద్