సైన్సు చెప్పని మాట చెప్పించకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో నడిచిన తంతు చూసి ఊరుకుందామనుకున్నాను గానీ, పోల్ ఫలితం కూడా వేసేసరికి ఇక ఉండబట్టలేదు. ఒక వారం 'దేవుడున్నాడని సైన్సు తేల్చింది' అన్నారు. మరుసటి వారం 'లేడని ఎప్పుడో తేలిపోయింది' అని ఇంకొకరు. చెరో పేజీ ఇచ్చి, ఆపైన పాఠకుల ఓటు! ఓట్లతో తేలే విషయమైతే మనుషులు ఇన్ని వేల ఏళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారో మరి.

మొదటాయన కంప్యూటర్‌ను తెచ్చారు. గణితవేత్త కర్ట్ గోడెల్ రాసిన దైవ నిరూపణను 2013లో ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌తో సరిచూసిన మాట నిజమే. కానీ అది చూసిందేమిటి? కొన్ని సూత్రాలు నిజమని ముందే ఒప్పుకుంటే, చివరి మాట తర్కం ప్రకారం వస్తుందా అని. వస్తుందంది. ఆ సూత్రాలు నిజమేనా అన్నది కంప్యూటర్ తేల్చే సంగతి కాదు. పైగా గోడెల్ సొంతంగా రాసుకున్న సూత్రాలు ఒకదానితో ఒకటి పొసగవని ఆ తర్వాత కంప్యూటరే బయటపెట్టింది. నిలబడింది తర్కశాస్త్రవేత్త డానా స్కాట్ సవరించిన పాఠం. వ్యాసంలో ఈ సగం లేదు. ఆత్మ బరువు 21 గ్రాములన్న పాత పాట మాత్రం ఉంది! డంకన్ మెక్‌డూగల్ అనే అమెరికన్ డాక్టరు ప్రాణం పోతున్న ఆరుగురిని తూచి, ఆ లెక్కలను 1907లో అచ్చువేశాడు. ఆ 21 గ్రాములు ఒక్కరి లెక్క. మిగతా ఐదుగురి గొడవ మనకెందుకు!

రెండో ఆయన హేతువాది కదా, ఆధారాలు చూసుకుని రాస్తారనుకున్నాను. సోవియట్ వ్యోమగామి గగారిన్ 1961లో అంతరిక్షం నుంచి 'దేవుడెక్కడా కనబడలేదు' అన్నాడంటూ మొదలుపెట్టారు. ఆ ప్రయాణంలో ఆయన మాట్లాడిన మాటల రికార్డులో ఆ వాక్యమే లేదు. ఉన్నా మాత్రం, 108 నిమిషాల్లో భూమిని ఒక చుట్టు చుట్టి వస్తే విశ్వమంతా సోదా చేసినట్టా?

ఆయన రాసినదాంట్లో పనికొచ్చేది ప్రార్థన ప్రయోగం ఒక్కటే. దాన్నీ పాడుచేశారు. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది గుండె బైపాస్ రోగుల మీద జరిగిన ఆ అధ్యయనం 2006లో అచ్చయింది. తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతం మందికి, జరగనివారిలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో 59 శాతం. దీనికి ప్రధానంగా డబ్బు పెట్టింది నాస్తికులేమీ కాదు, మతానికీ సైన్సుకూ సంబంధించిన పరిశోధనలకు డబ్బిచ్చే టెంపుల్టన్ ఫౌండేషన్. 'దూరం నుంచి ప్రార్థిస్తే రోగికి మేలవుతుంది' అన్నది లెక్కపెట్టగల మాట. లెక్కపెట్టారు, ఈ ప్రయోగంలో అది నిలబడలేదు. సైన్సు చేయగలిగింది అంతవరకే. అక్కడినుంచి 'కాబట్టి దేవుడే లేడు' అని దూకితే ఆ దూకుడు వ్యాసకర్తది. 'ఆయన మీ పరీక్షలకు కూర్చోడు' అని భక్తుడు అనవచ్చు. అనుకోనీండి, ఆ మాటను ఏ ప్రయోగమూ కాదనలేదు. అయితే అలా అన్నాయన మరుసటి ఆదివారం 'సైన్సు నిరూపించింది' అని రాయకూడదు. పరీక్షకు ఒప్పుకోనివాళ్లకు పాసైన సర్టిఫికెట్ ఎలా ఇస్తారు?

విశ్వానికి ఒక ఆరంభం ఉందన్న సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ లెమేటర్ స్వయంగా క్రైస్తవ మతగురువు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం చూస్తే, లెమేటర్‌కే అది నచ్చలేదు. తన సిద్ధాంతం మతం జోలికి పోదన్నది ఆయన పక్షం. అంతటి భక్తుడికి ఉన్న జాగ్రత్త మన వ్యాసకర్తలకు లేకపోయింది.

వాళ్లనని ఏం లాభం? వారం వారం వచ్చే సైన్సు పేజీని ఎత్తేసి అక్కడ రాశిఫలాలు పెంచింది మీరే. అచ్చుకు ముందు ఒక సైన్సు టీచరుకు చూపించినా ఈ తప్పులు దొరికేవి. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు సైన్సు సభలను ప్రారంభిస్తూ నోటికొచ్చింది మాట్లాడితే మొదటి పేజీలో వేస్తారు, కింద కూర్చున్న శాస్త్రవేత్తలు చప్పట్లు కొడతారు. ఖండన మాత్రం ఎక్కడా కనబడదు. ఇద్దరికీ చెరో పేజీ ఇస్తే నిష్పాక్షికత అయిపోతుందా? రెండు తప్పులను పక్కపక్కన అచ్చేసినంత మాత్రాన మధ్యలో ఒప్పు పుట్టదు.

పోయినసారి నా ఉత్తరంలో అంకెలన్నీ కోసేసి, తిట్లు మాత్రం ఉంచారు. ఈసారి తిట్లు కోసుకోండి. 51, 52, 59 మాత్రం వదిలేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు