దారి చూపే బోర్డులకు బోడోనీ తగదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కొత్తగా కట్టిన కొన్ని ఆస్పత్రుల్లోనూ నివాస సముదాయాల్లోనూ దారి చూపే బోర్డుల మీద బోడోనీ తరహా ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. నిలువు గీత బాగా లావుగా, అడ్డగీతలూ చివర్లలోని పట్టీలూ వెంట్రుకంత సన్నగా ఉండటం వీటి లక్షణం. వీటికి ఠీవి తెచ్చేది ఆ తేడాయే; దూరం నుంచి చదవలేకపోవడానికి కారణమూ అదే.

ఇటలీలోని పార్మాలో 1768 నుంచి డ్యూక్ ముద్రణాలయాన్ని నడిపిన జాంబట్టిస్టా బోడోనీ నునుపైన కాగితం, నిండైన సిరా, వెడల్పాటి అంచులు సమకూర్చుకుని మరీ ఈ అక్షరాలను అచ్చువేశాడు. ఆయన మరణానంతరం 1818లో భార్య వెలువరించిన నమూనా గ్రంథాన్ని చూస్తే, సైజు మారినప్పుడల్లా అక్షరాన్ని కొత్తగా చెక్కడానికి ఆయన పడిన శ్రమ అర్థమవుతుంది. 1994లో వచ్చిన ‘ఐటీసీ బోడోనీ’ అనే ఫాంటులో సైతం 6, 12, 72 పాయింట్ల అక్షర సైజులకు వేర్వేరు రూపాలున్నాయి. మన బోర్డుల వాళ్లు మాత్రం కంప్యూటర్‌లో ఉన్న ఒక్క ఫాంటునే కావలసినంత పెంచి, వెనక ఎల్‌ఈడీ దీపం బిగించి ఊరుకుంటారు.

వెలుగుతున్న తెల్లటి పలక మీద నల్లటి సన్నగీతను ఆ వెలుతురే మింగేస్తుంది. అప్పుడు ఇంగ్లీషు ‘e’ అక్షరం అడ్డగీత పోయి ‘c’లా కనిపిస్తుంది, 3కూ 8కీ తేడా తెలియదు. రాత్రివేళ బ్లాకు నంబరు వెతుక్కునే అంబులెన్సు డ్రైవరుకూ, చూపు మందగించిన పెద్దవారికీ ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఇంగ్లీషుకు జతగా ఉండాలని కింద తెలుగును కూడా సన్నగీతలతో రాయిస్తే పరిస్థితి ఇంకా అధ్వానం. మన లిపిలో ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ తేడా చూపేది అడుగున ఉండే చిన్న గీతే. అది చెరిగిపోతే ‘వ్యాధి’ కాస్తా ‘వ్యాది’ అవుతుంది. పైగా ఇంగ్లీషు వరుసకు సగం ఎత్తులో తెలుగును ఇరికించడంతో వత్తులు కలిసిపోయి ముద్దలవుతాయి. ఇది ఫాంటు తప్పు కాదు, మన భాషకు చోటివ్వడంలో చూపే పిసినారితనం.

బోడోనీ మీద నాకు కోపమేమీ లేదు. ఛత్తాబజార్‌లో అచ్చయ్యే శుభలేఖ మీద, పుస్తకాల అట్టల మీద, పత్రికల పేర్లలో అది ఎంతో అందగిస్తుంది. ‘వోగ్’ ఫ్యాషన్ పత్రిక పేరు కూడా ఈ కోవలోదే. అయితే నిలబడి, తీరిగ్గా, దగ్గర నుంచి చూసే చోట్లవి.

కనుక ఆస్పత్రులు, పెద్ద నివాస సముదాయాల బోర్డులకు గీత కనీస మందం, తెలుగు వరుస కనీస ఎత్తు నిర్ణయిస్తూ పురపాలక శాఖ మార్గదర్శకాలు ఇవ్వాలని, బోర్డు బిగించే ముందు దాన్ని రాత్రిపూట దీపం వెలిగించి, వాహనం ఆగే దూరం నుంచి చదివి చూడటాన్ని తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్