బాటిల్ మోగింది సాయంత్రం, ప్లేటు పెట్టేది మర్నాడు

సంపాదకులు గారికి,

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో త్వరగా తేలాలంటే లక్షలు పోసి మిషన్ కొనాల్సిందేనని చాలామంది అనుకుంటారు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోగికి, రోజూ వాడే ప్లేట్లు, డిస్కులతోనే అదే రోజు జవాబు చెప్పే పద్ధతి ఉంది. యూరప్‌లో ఈ పరీక్షల ప్రమాణాలు చూసే యూకాస్ట్ 2018లోనే దాన్ని ఇచ్చింది.

మామూలుగా అయితే రోగి రక్తం పోసిన కల్చర్ బాటిల్ పాజిటివ్ అయ్యాక, అంటే లోపల బ్యాక్టీరియా పెరిగిందని మిషన్ మోగాక, అందులోంచి కాస్త తీసి ప్లేటు మీద గీసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెడతాం. మర్నాడు కాలనీలు, అంటే పెరిగిన బ్యాక్టీరియా గుంపులు తీసి, ఏ మందు పనిచేస్తుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష వేస్తాం. దాన్ని చూసేది ఆ మర్నాడు. ఈ పద్ధతిలో బాటిల్‌లోంచి 100 నుంచి 150 మైక్రోలీటర్లు, అంటే రెండు మూడు చుక్కలు, నేరుగా మ్యూలర్ హింటన్ ప్లేటు (ఈ పరీక్షకు మామూలుగా వాడేదే) మీద పరిచి, యాంటీబయాటిక్ పట్టించిన డిస్కులు పెట్టి, 4, 6, 8 గంటలకు జోన్లు, అంటే డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు కొలుస్తారు. నాలుగు గంటలప్పుడు ప్లేటు పొగమంచు పట్టిన అద్దంలా ఉంటుంది. మూత తీసి, లైటు కింద అటూఇటూ వంచితే గానీ జోన్ అంచు దొరకదు. అనుమానం ఉంటే ఊరుకుని, ఆరు గంటలకు మళ్లీ చూడాలి. జోన్ ఎంత ఉంటే మందు పనిచేస్తుందో చెప్పే టేబుల్ ఏ గంటకు ఆ గంట వేరు, మామూలు పద్ధతిలో మర్నాడు చూసే కొలతలతో పోల్చకూడదు.

చిక్కల్లా ఒకచోటే. ఏ బ్యాక్టీరియానో తెలియకుండా ఆ టేబుల్ వాడలేం. బ్యాక్టీరియా పేరు చెప్పే మాల్డీ-టాఫ్ మిషన్ ఉన్నచోట అది వెంటనే తెలుస్తుంది. డబ్బు పెట్టాలంటే ముందు అక్కడ పెట్టాలని నా అభిప్రాయం.

అంతకన్నా పెద్ద ఇబ్బంది మనుషులది. సాయంత్రం మా డ్యూటీ అయిపోయాక బాటిల్ పాజిటివ్ అయిందంటే పొద్దున దాకా దాన్ని ముట్టేవాళ్లుండరు. పాజిటివ్ అయిన 18 గంటల లోపే ఈ పరీక్ష పెట్టాలి, అందులో సగానికి పైగా రాత్రే తినేస్తుంది. అవతల ఐసీయూలో పెద్ద యాంటీబయాటిక్ నడుస్తూనే ఉంటుంది. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒకాయన కౌంటర్ దగ్గర నిలబడి, "రిపోర్టు ఇయ్యాల రాదా సారూ? ఒక్కో సూదికే గింత బిల్లయితుంది" అన్నాడు. ఏం చెప్పను?

ఇంకో సంగతి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ముందే ఇంజక్షన్లు పడితే కొన్నిసార్లు బాటిల్‌లో ఏమీ పెరగదు. అప్పుడు ఏ పద్ధతీ అక్కరకు రాదు. మొదటి డోసుకు ముందే రక్తం తీయడం డాక్టర్ల చేతిలో పని.

ప్రభుత్వం ముందుగా బోధనాసుపత్రుల మైక్రోబయాలజీ ల్యాబ్‌లలో రాత్రి షిఫ్టు పెట్టాలి. ప్రభుత్వ ల్యాబ్ అయినా మాలాంటి ప్రైవేటు ల్యాబ్ అయినా, బాటిల్ పాజిటివ్ అయిన టైమ్, డాక్టరుకు ఫోన్ చేసిన టైమ్ రెండూ రిపోర్టు మీద వేయాలి. ఆలస్యం ఎక్కడ జరిగిందో రోగి బంధువులకూ తెలుస్తుంది.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ