ఐపీ నోటీసు వస్తే అప్పు గోవిందాయేనా?

సంపాదకులకు,

పూర్ణా మార్కెట్లో సరుకు అరువిచ్చినవారైనా, ప్రోనోటు మీద డబ్బిచ్చినవారైనా, బాకీదారు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడని కోర్టు నోటీసు రాగానే అప్పు గోవిందా అనుకుని ఆ కాగితాన్ని అటక మీద పడేస్తున్నారు. బాకీదారుకు కావలసిందీ అదే.

వ్యక్తుల దివాలాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016 దివాలా కోడ్‌లోని వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకు హామీ పడ్డవారి వరకే అమల్లోకి వచ్చింది. పాత చట్టం 28వ సెక్షన్ ప్రకారం, బాకీదారును దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చాకే దావా వేయడానికి కోర్టు అనుమతి కావాలి. అతను పిటిషన్ వేసినంత మాత్రాన మీ దావాకు అడ్డు లేదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నోటు 2022 జూన్ 12న రాశారనుకోండి. 2025 జూన్ 12తో దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు తీరుతుంది. 2024 నవంబరులో అతను ఐపీ పెట్టాడు, వాయిదాలు నడుస్తున్నాయి, అదేదో తేలనీ అని మీరు కూర్చున్నారు. పిటిషన్ కొట్టేసేసరికి నోటుకు కాలదోషం పట్టింది. 78వ సెక్షన్ మినహాయించేది దివాలా ఉత్తర్వు నుంచి దాని రద్దు వరకు గడిచిన కాలాన్నే తప్ప, పిటిషన్ నలిగిన రోజుల్ని కాదు. పిటిషన్‌లో మీ బాకీ ఒప్పుకుని సంతకం చేసి ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లని వాదించవచ్చు. సర్టిఫైడ్ కాపీ తీసి ఉంచుకోండి. బాకీయే లేదని రాస్తే ఆ ఆశా లేదు. గడువులోగా దావా వేసేయడమే క్షేమం.

ఐపీని మొదట్లోనే కొట్టేయించాలని పట్టుబట్టడం నా దృష్టిలో ఫీజు దండగ. తీర్చలేనని పైపైన చూపితే చాలు, ఆ దశలో కోర్టు లోతుకు పోదు. ఉత్తర్వు వచ్చాక అఫిడవిట్‌తో పాటు నోటు, బిల్లులు, ఖాతా నకళ్లు పెట్టి బాకీ రుజువు చేసుకోండి. డిశ్చార్జి (అప్పుల నుంచి కోర్టు అతనికిచ్చే విముక్తి) అయ్యేలోగా ఎప్పుడైనా చేయొచ్చు. చేయకపోతే అతని ఆస్తి పంపకంలో పైసా రాదు, పైగా డిశ్చార్జితో బాకీయే చెల్లిపోతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అతని ఆస్తుల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కూడా తీయించండి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో మధురవాడ ప్లాటు భార్య పేర సెటిల్‌మెంట్ (సొమ్ము తీసుకోకుండా రాసివ్వడం) అయినట్టు కనిపిస్తే 53వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించవచ్చు. నిజాయితీగా సొమ్ము పోసి కొన్నవారి జోలికి మాత్రం ఈ సెక్షన్ పోదు. రద్దు కోరాల్సింది రిసీవర్, అంటే దివాలాదారు ఆస్తుల్ని చూసేందుకు కోర్టు పెట్టిన అధికారి. ఆయన కదలకపోతే, బాకీ రుజువు చేసుకున్నవారు కోర్టు అనుమతితో తామే కోరవచ్చు. రుజువు దాఖలు చేయనివారికి ఈ దారీ మూసుకుపోతుంది.

తనఖా ఉన్నవారికి ఈ తంటాలేవీ లేవు, తనఖా ఆస్తి మీద వారి హక్కును ఐపీ ఆపదు. నోటు మీద రెండో సంతకం చేసిన హామీదారుకు కూడా ఐపీతో విముక్తి లేదు. ఆయన మీద దావా వేయడానికి ఐపీ కోర్టు అనుమతి అక్కర్లేదు. అయితే ఆ మూడేళ్లూ నోటు తేదీ నుంచే నడుస్తుంటాయి.

– ఒక సివిల్ న్యాయవాది, మహారాణిపేట, విశాఖపట్నం